శుక్రవారపు వంతు

మా ఇర్వింగ్ తెలుగు సంఘం ఆడవాళ్ళు శాన్ ఆంటోనియో వెళ్ళిరావాలని వ్యాన్ బుక్ చేసినప్పుడు, మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకోబోయాను. నొప్పులు నిజమే గాని, రాననడానికి కారణం అవి కాదు. ఆ ఊరికి దక్షిణపు శివార్లో, స్పెయిన్ నుంచి వచ్చిన పాద్రీలు ఎప్పుడో కట్టించిన పాత మిషన్ గుడి ఒకటుంది. నా తొమ్మిదో ఏట నుంచి పన్నెండో ఏటి దాకా ఆ గుడి గోడ పక్కనే పెరిగాను. తర్వాత చదువూ, ఉద్యోగమూ, పెళ్ళీ, పిల్లలూ అన్నీ టెక్సాస్‌లోనే. నాలుగున్నర గంటల డ్రైవ్. అయినా యాభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా అటు పోలేదు. కానీ మార్తమ్మ ఊరుకోదుగా! ప్రార్థనలో నా పక్క కుర్చీ ఆవిడది, నా సగం ప్రార్థనలు ఆవిడ గుసగుసల్లోనే పోతాయి. "నువ్వు రాకపోతే వ్యాన్‌లో నాకు మాట్లాడేదెవరే? పులిహోర నేను చేస్తాను, నువ్వు ఊరికే కూర్చో" అని నా పేరు రాయించేసింది. ఏ రోజని అడిగాను. "శుక్రవారం. వీకెండ్ అయితే పార్కింగ్ దొరకదంట" అంది. ఆ వారం పేరు వినగానే వేరే రోజు చూడమన్నాను గాని, డబ్బులు అప్పటికే కట్టేశారట.

అప్పట్లో నాన్న ఆ ఊరి ఆస్పత్రిలో డాక్టరు. రఫయేలా అనే ముసలావిడ తన స్థలంలోనే ఉన్న రెండో ఇల్లు మాకు అద్దెకిచ్చింది. చెక్క ఇల్లు, ముందు వరండా, వెనక కొంచెం తోట, తోట చివర అక్రోటు లాంటి కాయలు కాసే పెకాన్ చెట్లు, చెట్లకవతల కాలువ, కాలువకవతల మిషన్ గోడ. ఆ ఇంటికి రెండు వాసనలుండేవి. ఒకటి అమ్మ పోపు వాసన. రెండోది రఫయేలా వంటింట్లోంచి వచ్చే తడి సున్నపు వాసన. ఆవిడ మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి రొట్టెలు చేసేది. గోడలకు కొట్టే సున్నం తిండిలో వేసుకుంటున్నారేమిటని అమ్మ మొదట్లో ముక్కు మూసుకునేది. తాకితే కాలుతుందేమోనని నేను ఆ రొట్టె అంచులు మాత్రం కొరికేదాన్ని. ఈ రోజుకీ ఎవరైనా కొత్తగా వెల్ల వేసిన గది దాటితే నాకు ఆకలేస్తుంది.

నానమ్మ పోయాక తాతయ్య మా దగ్గరకొచ్చాడు. పేరు దావీదు. రేపల్లె వైపు కాలవల మీద నలభై ఏళ్ళు లస్కరుగా చేసిన మనిషి. లస్కరంటే రోజూ గట్టు వెంట మైళ్ళకొద్దీ నడిచి, తూములు ఎత్తుతూ దించుతూ, ఎవరి పొలానికి ఏ వేళ నీళ్ళు పోవాలో చూసేవాడు. మిషన్ బడిలో చదివించుకున్న కొడుకు డాక్టరై అమెరికా తీసుకొస్తే, వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన చూసింది ఎత్తు మేడలూ కాదు, పెద్ద కార్లూ కాదు. వెనక చెట్ల దాకా వెళ్ళి, కాలువ పక్కన గొంతుక్కూర్చుని, నీళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వాలు చూసుకుని, "ఎవరు తవ్వారోగానీ, చేతనైనోళ్ళే" అన్నాడు. ఆయనకో అలవాటుండేది. గట్టెక్కే ముందు గొంతు సవరించుకునేవాడు. రెండుసార్లు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకసారి. గడ్డిలో పామున్నా తప్పుకుంటుంది, మనిషున్నా తెలుసుకుంటాడు అనేవాడు. ఇంట్లోనూ అంతే. ఏ గదిలోకి రాబోయినా ముందు ఆ మూడూ వినిపించేవి, తర్వాతే తాతయ్య.

రఫయేలాకీ ఆయనకీ మొదటి వారమే స్నేహం కుదిరింది. ఆవిడది స్పానిష్, ఈయనది తెలుగు, మధ్యలో నా బడి ఇంగ్లీషు. ఆవిడ పేరును ఆయన రఫయేలమ్మగా మార్చేశాడు, ఆవిడా పలికేది. ఆ కాలువ తవ్వినవాళ్ళు ఆవిడ పూర్వీకులే. ఇక్కడి నేల మీద తిరిగిన మనుషుల్ని పాద్రీలు పోగుచేసి, బాప్తిస్మమిచ్చి, గోడ లోపల ఉంచి, కాలువ తవ్వించి, గుడి కట్టించారు. గోడ లోపలికి రోగాలొచ్చాయి. పాద్రీల పెత్తనం పోయి ఆ నేల వాళ్ళకు పంచే రోజు వచ్చేటప్పటికి, తవ్వినవాళ్ళలో చాలామంది గుడి పక్కనే పేరు లేకుండా మట్టిలో ఉన్నారు. ఇదంతా ఆవిడ మొక్కజొన్నలు కడుగుతూ, నిన్నటి సంగతి చెప్పినట్టు చెప్పింది. తాతయ్య విని, "దొరలు రాకముందు మీవాళ్ళ పేర్లేంటో అడగవే" అన్నాడు. అడిగాను. తెలియదంది. అందరికీ పునీతుల పేర్లే మిగిలాయట. మీ పేరు దావీదు కదా, మీ తాతకు బాప్తిస్మానికి ముందు ఏం పేరుండేదని ఆవిడ అడిగింది. తాతయ్య చాలాసేపు పెకాన్ కాయలు చిదుపుతూ ఆలోచించాడు. "మా తాత అబ్రహాము. ముందేమనేవాళ్ళో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమై ఏం లాభం, వాళ్ళిద్దరూ లేరు.

కాలువ నీళ్ళు పది ఇళ్ళవాళ్ళకి వంతుల ప్రకారం వచ్చేవి. ఆ వంతులు నడిపేది రఫయేలా. రాతి గాడిలో చెక్క పలకలు దించితే నీళ్ళు ఆగుతాయి, పైకి లాగితే పోతాయి, అదే తూము. ఒక వేసవిలో ఆవిడ కాలి ఆపరేషనుకని ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళ్తూ ఆ పని తాతయ్యకు అప్పగించింది. ఏ ఇంటికి ఏ రోజో నా చేత కాగితం మీద రాయించింది. శుక్రవారం పొద్దున మా తోట వంతు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా మాత్రం అన్ని తూములూ మూసి, మిషన్ గోడ వెనకున్న చివరి తూము ఒక్కటే తియ్యాలి. ఎందుకని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. తాతయ్య మహా సంబరపడిపోయాడు. ముతక నిక్కరు, నెత్తిన తువ్వాలు, చేతిలో కర్ర, మళ్ళీ లస్కరైపోయాడు. వంతు ముగిశాక గట్టు మీద నిలబడి, వినేవాడెవడూ లేకపోయినా, "వంతైపోయిందయ్యా! ఇళ్ళకి పోండి!" అని కేకేసేవాడు. అదీ అలవాటే. నాకు పలక లాగడం నేర్పాడు. "నీళ్ళు వదిలేటప్పుడు నీళ్ళనే చూడాల. ఎనక్కి తిరిగి మనుషుల్ని చూసినావా, చెయ్యి వణుకుద్ది" అనేవాడు.

రెండు శుక్రవారాలు చెప్పినట్టే చేశాడు. రెండోసారి నన్ను తీసుకుని ఆ నీళ్ళ వెంట నడిచాడు. గోడ వెనక ఒక గుంట. పొలం లేదు, తోట లేదు, పిచ్చిగడ్డి. నీళ్ళన్నీ అందులోకి పోయి ఇంకిపోతున్నాయి. తాతయ్య ముఖం చూడాలి. నలభై ఏళ్ళలో ఒక్క చుక్క మురుక్కాలవ పాలు కానియ్యలేదని చెప్పుకునే మనిషి ఆయన. "ఇదేం పద్ధతే? పారే నీళ్ళని ఇట్టా వదిలేస్తారా ఎవరన్నా?" అని గొణిగాడు. మరుసటి శుక్రవారం చివరి తూము తియ్యలేదు. ఆ నీళ్ళు కూడా మా తోటకే తిప్పాడు. అట్లా ఆరు శుక్రవారాలు. మా తోటలో అప్పటికి వంగ, బెండ, రెండు చాళ్ళు గోంగూర ఉన్నాయి. గోంగూర గింజలు తాతయ్య పంచె అంచులో కుట్టుకుని తెచ్చాడు. అమ్మ ఆ రుచి చూసి నాలుగేళ్ళు. ఆ ఆరు వారాల్లో గోంగూర నా నెత్తి దాటి పోయింది. ఒక్కో ఆకు అరచేతంత. అమ్మ రోటిపచ్చడి చేసి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మూడో శుక్రవారమో నాలుగోదో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నిప్పులు చెరిగే ఎండలో, తాతయ్య వరండాలో కూర్చున్నవాడు తలెత్తి చెట్ల వైపు చూశాడు. "ఎవరో వచ్చారు" అన్నాడు. నేను చూశాను. ఎవరూ లేరు. మరుసటి వారం నాకూ వినిపించింది. అరుపులు కావు, మాటలూ కావు. చెట్ల అవతల, గట్టు పొడుగునా, ఒకరి తర్వాత ఒకరు మెల్లగా గొంతు సవరించుకుంటున్నారు. అంతే. అమ్మకు వినపడలేదు, నాన్న ఇంట్లో ఉండేవాడు కాదు. సున్నపు వాసన కూడా వచ్చింది, రఫయేలా ఇంట్లో లేదు, ఆవిడ పొయ్యి వెలిగి నెల దాటింది. నేను తాతయ్య మోకాలు పట్టుకుని కూర్చున్నాను. ఆయన కర్రను దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు భయమేసింది అందుకే. తాతయ్యకు భయమేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"నీళ్ళ కోసం వచ్చినోళ్ళు అరవరే" అన్నాడాయన, నాతో కాదన్నట్టు. "అరిచేవోడు ఒకడుంటాడు. మిగతావోళ్ళు నిలబడతారు. ఊరికే నిలబడి గొంతు సవరించుకుంటారు. ఈ చప్పుడు నాకు తెలుసు."

ఆరో వారం తర్వాత రఫయేలా చేతికర్రతో తిరిగొచ్చింది. తోటలో గోంగూర చూసింది. తర్వాత గుంట వైపు నడిచి, ఎండిపోయి నెర్రెలిచ్చిన నేల చూసి, అక్కడే కూలబడింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆవిడ నాతో చెప్పింది, నేను తాతయ్యకు చెప్పాను: ఈ కాలువ తవ్వినవాళ్ళు దాని నీళ్ళతో పండిన పంట తినకుండానే పోయారు. ఆ గుంట వాళ్ళున్న చోటు. నేల పంచుకున్న రోజున, బతికినవాళ్ళు వాళ్ళకూ ఒక వంతు పెట్టారు. అప్పటినుంచీ ఎంత కరువొచ్చినా, ఆ శుక్రవారపు వంతు ఎవరూ ముట్టుకోలేదు.

తాతయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం వరండా మెట్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరికీ చెప్పనిది నాకు చెప్పాడు. ఆయన ఉద్యోగంలో ఒక ఏడు కాలువలో నీళ్ళు చాల్లేదు. పైవాళ్ళు చెప్పారని, కాలువ చివరన ఉన్న పల్లె తూము రెండు రోజులు మూసేశాడు. ఆ నీళ్ళు పైన పెద్ద కమతాలకు పోయాయి. చివరి పల్లె ఆయన పుట్టిన పల్లే. నాట్లు ఎండిపోయాయి. పల్లెవాళ్ళు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఒక్కరూ తిట్టలేదు. వాళ్ళలో ఆయన తల్లి కూడా నిలబడింది. "వానలు రాలా, కాలవలో నీళ్ళు రాలా. ఆ వంతు తిరిగియ్యలేకపోయానే. మా అమ్మ ఆ తర్వాత నా ఇంట్లో మంచినీళ్ళు తాగలా" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నేను ఆయన తువ్వాలు అంచు నలుపుతూ కూర్చున్నాను.

ఆరు వారాల నీళ్ళూ తిరిగిస్తానన్నాడు. మా తోట పొద్దుటి వంతు కూడా వాళ్ళకే. శుక్రవారం తెల్లవారితే చివరి తూము ఎత్తడం, పొద్దుగూకాక దించడం. ఒకటి, రెండు, మూడు. మండుటెండల్లో గోంగూర వాడి, ఎండి, మోళ్ళయిపోయింది. "మామయ్యగారూ, ఒక్క చాలన్నా బతకనివ్వండి, మీ కాళ్ళకు దణ్ణం పెడతాను" అని అమ్మ బతిమాలింది. ఆయన తల వంచుకున్నాడు గాని వినలేదు. నాన్న విసుక్కున్నాడు, ఎండలో తిరగొద్దని డాక్టరుగా చెప్పాడు, కొడుకుగా అరిచాడు. తాతయ్య ఎండలోనే తూము పక్కన నిలబడేవాడు. వారం వారం గట్టు మీది చప్పుడు తగ్గుతోందని చెప్పేవాడు. ఐదో శుక్రవారం సాయంత్రం జ్వరంతో ఇంటికొచ్చి మంచమెక్కాడు.

ఆరో శుక్రవారం పొద్దున లేవలేకపోయాడు. అమ్మ ఆయన నుదుటి మీది తడిబట్ట మార్చడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి కాలిపోతోంది. "ఎస్తేరమ్మా, ఇదొక్కటే మిగిలింది. నువ్వెళ్ళి పలక ఎత్తిరా. నీళ్ళనే చూడు" అన్నాడు. నేను వెళ్ళాను. పెకాన్ చెట్ల దాకా వెళ్ళాను. ఎండిన గోంగూర మోళ్ళు కాళ్ళకు గీరుకున్నాయి. అక్కడ, నాలుగడుగుల దూరంలో, కనపడని గొంతు ఒకటి సవరించుకుంది. తర్వాత దాని పక్కది. నేను మళ్ళీ ఊపిరి పీల్చుకుంది కారు షెడ్డులో. అక్కడ పాత టైర్ల మధ్య చాలాసేపు దాక్కుని, కాళ్ళకు బురద పూసుకుని ఇంట్లోకి వెళ్ళాను.

"తీశావా?" అన్నాడు తాతయ్య.

"తీశాను."

"గట్టు మీద ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరు తాతయ్యా. వెళ్ళిపోయారు."

ఆయన ముఖంలో ముడతలన్నీ ఒక్కసారి వదులయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం మిషన్ గుడిలో గంట కొడుతుండగా పోయాడు. చాలా ప్రశాంతంగా పోయారని వచ్చినవాళ్ళందరూ అన్నారు. అన్న ప్రతిసారీ నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. రెండు నెలల్లో నాన్నకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం. ఆ పలక ఎత్తలేదన్న మాట నేను మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, ప్రార్థనలో కూడా పైకి అనలేదు.

వ్యాన్ మధ్యాహ్నానికి ముందే చేరింది. మిషన్ ఇప్పుడు శుభ్రంగా ఉంది. కత్తిరించిన గడ్డి, గాజు పెట్టెలో మేకులు, పార్కింగ్ పక్కన మంచినీళ్ళ మిషను. మేమున్న ఇల్లు లేదు. పెకాన్ చెట్లున్నాయి. కాలువ పారుతోంది, చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం. దాన్ని చూసుకునేది రఫయేలా మనవరాలు లుసియా, నాకంటే చిన్నది, పెద్ద గడ్డి టోపీ పెట్టుకుంది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. శుక్రవారం సంగతి అడిగాను. రఫయేలా పోయాక ఎవరూ తియ్యలేదని, ఆ పద్ధతి తెలిసినవాళ్ళే లేరని చెప్పింది. నేను మాట్లాడబోతుంటే గోడ వెనక నుంచి మార్తమ్మ కేక వినపడింది. "ఎస్తేరూ! తొందరగా రావే! గోంగూర! టెక్సాస్‌లో అడవి గోంగూర! వ్యాన్‌లో జిప్‌లాక్ కవర్లు ఉన్నాయా?"

ఆ గుంట నిండా గోంగూర. ఎర్ర కాడలు, అరచేతంత ఆకులు. మా ఎండిపోయిన మోళ్ళ గింజలు ఎలా కొట్టుకొచ్చాయో, ఎన్ని ఏళ్ళుగా అక్కడ మొలుస్తున్నాయో. తూము పలక కారుతుంటుందని, అందుకే ఆ గుంట తడారదని లుసియా చెప్పింది. అప్పటికే నలుగురు ఆడవాళ్ళు చెంగులు దోపుకుని దిగారు. "ఒక్క ఆకు కూడా కొయ్యొద్దు! బయటికి రండి!" అని నేను అరిచిన అరుపుకి అందరూ నిలబడిపోయారు. నేనలా అరవడం వాళ్ళెప్పుడూ వినలేదు. కోసింది అక్కడే వదిలి వచ్చారు. వాళ్ళను ఊళ్ళోకి షాపింగ్‌కి పంపించేసి, లుసియాని అడిగి, నేను తూము దగ్గర ఉండిపోయాను. మార్తమ్మ మాత్రం కదల్లేదు. "నీకు పిచ్చెక్కిందని పాస్టరుగారికి ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలిగా" అని నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

పలక బరువెక్కి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా లాగాను. మూడోసారికి కదిలింది. నీళ్ళు నల్లగా, ఆకులతో, గుంటలోకి పరుగెత్తాయి. సాయంత్రం దాకా పులిహోర తింటూ కూర్చున్నాం. మార్తమ్మ కోడలి గురించి, గ్రీన్ కార్డు గురించి ఏదో చెబుతోంది. ఎండ వాలుతుండగా మాట మధ్యలో ఆపేసింది. సున్నపు వాసన వచ్చింది.

"ఏంటే ఆ దగ్గులు?" అంది. "మన వెనక ఎవరో ఉన్నారు. చాలామంది ఉన్నట్టున్నారు."

"మార్తా, వెనక్కి చూడకు. నీళ్ళనే చూడు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మేమిద్దరం నీళ్ళనే చూశాం. పొద్దు గోడ వెనక్కి దిగింది. నేను లేచి, పలక గాడిలోకి దించి, వీపు తిప్పకుండానే కేకేశాను. "వంతైపోయిందయ్యా! ఇళ్ళకి పోండి!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. గట్టు పొడుగునా చప్పుళ్ళు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు నా కుడి భుజం పక్కన, చెవికి ఆనినంత దగ్గరగా, వెంటవెంటనే రెండుసార్లు గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఇవాళ తీశాను తాతయ్యా" అన్నాను. "ఆ రోజు తియ్యలేదు. ఇవాళ తీశాను."

గుంటలో నీళ్ళు ఇంకేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాను. మూడోది గోడ అవతల నుంచి వచ్చింది.